గ్రామఫోను రికార్డులు – గ్రంథాలయముల బాధ్యత
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు ఒక గ్రామమున గ్రంథాలయము నిలుచుట సామాన్య విషయము కాదు. పంట పోయిన యేడును, తుపాను వచ్చిన యేడును విడువక తలుపు తెరచి, దీపము వెలిగించి, పత్రికలను బల్లపై పరచినవారి యోరిమియే ఈ యుత్సవమునకు మూలము. ఇట్టి సభలో పుస్తకములను గూర్చి చెప్పువారు పెక్కురు గలరు. ఈ ప్రసంగమునకు విషయము పుస్తకము కాదు. పుస్తకముతోపాటు బీరువాలో చోటు దొరకవలసియుండియు దొరకని మరియొక వస్తువు. అది గ్రామఫోను రికార్డు.

తెనాలినుండి రేపల్లె పోవు రైలుదారిలో భట్టిప్రోలు గలదు. 1892లో అలెగ్జాండరు రీ అను పురాతత్త్వ శాఖోద్యోగి అచ్చటి స్తూపమును త్రవ్వించినపుడు ధాతుకరండములు బయల్పడినవి. వానిపై చెక్కిన అక్షరములు రెండు వేల యేండ్లకు పైబడినవి. ఆ కరండములతో సంబంధముగల వారి పేర్లను పండితులు నేటికిని చదువుచున్నారు. కాని ఆ మనుష్యులు ఏ యాసతో మాటలాడిరో, ప్రొద్దుగూకిన పిమ్మట ఏ వరుసలో పాడుకొనిరో చెప్పగలవా రెవ్వరును లేరు. వ్రాత నిలిచినది, గొంతు పోయినది. వేలయేండ్ల మానవ చరిత్ర యంతయు ఇట్లే యుండెను. గొంతును నిలుపు విద్య 1877లో ఎడిసను ఫోనోగ్రాఫుతో పుట్టి, 1887లో ఎమిలి బెర్లినరు కనిపెట్టిన చదునైన చక్రముతో సామాన్యుల యిండ్లకు దారి తీసినది. అనగా మనుష్యుని పలుకు మరణానంతరము వినబడుట మొదలై నూటయేబది యేండ్లయినను నిండలేదు. అంత క్రొత్తగా లభించిన వరమును ఒక్క తరములోనే పోగొట్టుకొనుట ఏ జాతికిని శోభించదు.

రికార్డు అను వస్తువు విదేశీయుల విద్యయే యైనను, దాని శరీరము ఈ దేశపుది. ఖనిజపు పొడిని, నల్లని మసిని కలిపి గట్టిగా బిగబట్టి నిలుపు ద్రవ్యము లక్క. మోదుగ, రేగు, కుసుమ వృక్షముల కొమ్మలపై బ్రదుకు చిన్న పురుగులు విసర్జించు ఆ లక్క, భారతదేశపు అడవులనుండి ఓడలపై ప్రపంచ మంతటికిని పోయినది. స్త్రీల చేతి గాజులకును, ఉత్తరముల ముద్రలకును వాడిన లక్కయే గాయకుల గొంతులకును నిలయమైనది. పాండవులు లక్కయింటినుండి తప్పించుకొని బయటపడిన కథ అందరెరిగినదే. కాని తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయముల’ పద్యములు పాడినవారి గొంతులు మాత్రము లక్కలోనే తలదాచుకొనవలసి వచ్చెను!

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గు అను నిపుణుడు కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ మొదలగువారి పాటలను మైనపు పలకలపై పట్టెను. ఆ పలకలు జర్మనీదేశపు హానోవరు పట్టణమునకు పోయి, అచ్చట ముద్రితములై, మరల ఓడలపై ఇచ్చటికి చేరెడివి. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసిన పిమ్మట ఆ ప్రయాసము తప్పినది. తొలినాళ్లలో మైక్రోఫోను లేదు. గాయకుడు పెద్ద కొమ్ముబూర ముందర నిలిచి, దానిలోనికి గొంతెత్తి పాడవలెను. పాట ముగియగానే తన పేరు తానే చెప్పుకొనుట ఆనాటి కొందరి వాడుక. 1925 ప్రాంతమున విద్యుత్ పద్ధతి వచ్చిన తరువాత మంద్రస్థాయి గొంతుకును, సన్నని తంత్రీనాదమునకును రికార్డులో చోటు దొరకినది.

ఆ చక్రము నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పదియంగుళముల చక్రమున ఒక వైపు నిలుచునది మూడు నిమిషములు, మహా యైన మూడున్నర. నాటక రంగమున ఒక్క పద్యమును ఎత్తుకొని, రాగము నాలపించి, చివరి పాదమును పదివిధముల త్రిప్పి, ‘వన్స్‌మోర్’ కేకలకు మరల మొదటినుండి పాడి, తెల్లవారుజాము వరకు సభను కూర్చుండబెట్టిన నటులకు ఈ మూడు నిమిషములు ఎంతటి కట్టుబాటో ఊహింపవచ్చును. సాగదీతకు తావు లేదు. ఆలాపన కుదించవలెను, పద్యము స్పష్టముగా పలుకవలెను, సూది చీటీ అంచు చేరులోపల ముగింపవలెను. అందుచేత రికార్డులో వినబడు పద్యము రంగస్థలముపైని పద్యము కాదనుట నిజమే. అయినను ఈ కట్టుబాటు వలన ఒక మేలు కలిగినది. నటుని శక్తిలోని సారమేదో ఆ మూడు నిమిషములలో పిండి పోసినట్లు నిలిచినది. ఇంక ‘వన్స్‌మోర్’ మాటకు వచ్చిన, సూది యెత్తి మరల మొదట పెట్టిన చాలును; నటునికి అలసట లేదు.

ఈ సీమవారికి ఈ విషయము పరాయిది కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాలు పద్యనాటకమునకు పుట్టినిండ్లవంటివి. ‘హరిశ్చంద్ర’ నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతము 1881లో బాపట్ల తాలూకా ఇటికంపాడున జన్మించెను. స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టి, 1920లో అదే ‘హరిశ్చంద్ర’ కథలో చంద్రమతిగా వేషము కట్టి, పిమ్మట తెనాలి శ్రీరామవిలాస సభ నాటకములలో సత్యభామగాను, రోషనారగాను, చిత్రాంగిగాను, మధురవాణిగాను ఆంధ్రదేశమును మురిపించెను. 1956లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో సత్కరించినది. అదే సభలో మాధవపెద్ది వెంకటరామయ్య దుర్యోధనుని దర్పమునకు ప్రాణము పోసెను. గుంటూరు మండలము సుద్దపల్లిలో 1901లో జన్మించిన కల్యాణం రఘురామయ్య పద్యము పాడుచు పాడుచు వ్రేలు నాలుకక్రింద చేర్చి ఈలలోనికి జారినపుడు, గొంతెక్కడ ముగిసినదో, ఈల యెక్కడ మొదలైనదో చెప్పుట కష్టమని విన్నవారందురు. బాపట్ల చేరువనున్న బ్రాహ్మణకోడూరున 1922లో పుట్టిన మాధవపెద్ది సత్యము ఆ రంగస్థలపు కంఠమునే చలనచిత్రములకు తీసికొనిపోయెను.

స్థానంవారు 1971లోను, రఘురామయ్యగారు 1975లోను, సత్యముగారు 2000లోను కీర్తిశేషులైరి. వారి వేషధారణమును గూర్చి పుస్తకములు గలవు, చిత్రములు గలవు. కాని ఒక పద్యములో ‘క్రోధము’ అను మాటను ఎట్లు విరిచిరో, శ్వాస ఎచ్చట తీసికొనిరో, తెలుగు దీర్ఘమునకు ఎంత కాలము ఇచ్చిరో తెలిసికొనుటకు పుస్తకము చాలదు. ఆ సంగతి చెవికే తెలియవలెను. ఆనాటి గొంతులలో రికార్డులోనికి ఎక్కినవి కొన్నియే. ఎక్కినవానిలో నేడు మిగిలినవి మరికొన్నియే.

‘ప్రైవేటు రికార్డు’ అను మాటకు తెలుగువారిలో ఒక ప్రత్యేకార్థము గలదు. సినిమాకు చెందని పాట యున్న రికార్డును అట్లు పిలుచుట వాడుక. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపము’ ఘంటసాల వెంకటేశ్వరరావు కంఠమున ఇట్టి రికార్డుగానే వెలువడి, చదువురానివారి నోటికి సైతము ఖండకావ్యమును అందించినది. ఒక కవితాఖండము వేల పుస్తకములు చేయలేని పనిని ఒక లక్కచక్రము చేసినదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

పాశ్చాత్య దేశములలో ఆ మాటకు అర్థము వేరు. అచ్చట వ్యాపార సంస్థలు కాక, ఒక పాఠశాలయో, ఒక ప్రార్థనా మందిరమో, ఒక ఊరి వాద్యబృందమో తన ఖర్చుపై కొలది ప్రతులు ముద్రింపించుకొనిన రికార్డులు గలవు. 1948లో మన్నికగల వినైలు చక్రము, గంటలో మూడవవంతు ఒక వైపే నిలుపు దీర్ఘవాదన రికార్డు వచ్చుట, టేపు యంత్రములు చవుకయగుట, ఈ రెండును కలిసి ఆ యలవాటును పెంచినవి. పాఠశాల వార్షికోత్సవమున పిల్లలు పాడిన పాటలను టేపుపై పట్టి, ముద్రణశాలకు పంపి, వచ్చిన కొలది వందల ప్రతులను తలిదండ్రులకు అమ్మెడివారు. అమెరికాలోని నార్తు కరొలీనా రాష్ట్రమున జస్టిస్ అను చిన్న సంస్థ 1960 దశాబ్దపు నడుమ పాఠశాల, కళాశాల విద్యార్థుల బృందములకు ఇట్లే రికార్డులు చేసి యిచ్చినది. ఆ పిల్లలలో ప్రసిద్ధులైనవారు అరుదు. తాళము తప్పిన చోట్లు గలవు. గొంతు వణకిన చోట్లును గలవు. అయినను నేటి సేకర్తలు వానికొరకు దేశములు గాలించుచున్నారు.

దీనికి కారణమును ఒక్క యుదాహరణము చెప్పును. కెనడా దేశమున బ్రిటిషు కొలంబియా రాష్ట్రపు లాంగ్లీ ప్రాంతములో హాన్స్ ఫెంగర్ అను సంగీతోపాధ్యాయుడు 1976, 1977 సంవత్సరములలో పల్లెటూరి పాఠశాలల పిల్లలచే ఆ కాలపు పాటలు పాడించి, వ్యాయామశాలలోనే టేపుపై పట్టి, రెండు రికార్డులుగా ముద్రింపించెను. అవి పిల్లల యిండ్లకే చేరినవి. తరువాత చాల కాలము వాని మాట ఎవ్వరును ఎత్తలేదు. పాత సామానుల దుకాణములో ఒక సేకర్త కంటబడిన ప్రతి కారణముగా అవి 2001లో పునర్ముద్రితములై లోకమంతట వినబడినవి. ఆ పిల్లల పాటలో నేర్పుకంటె నిజము అధికము. శిక్షణచే మెరుగు దిద్దబడిన గొంతు ఎచ్చటనైనను దొరకును. ఒక పల్లె బడిలో ఒకనాడు ఒక తరగతి పిల్లలు కలిసి పాడిన పాట మరియొకచోట దొరకదు.

ఆంధ్రదేశపు పాఠశాలలలో ‘రికార్డు’ అనిన విద్యార్థులకు జ్ఞప్తికి వచ్చునది విజ్ఞానశాస్త్ర ప్రయోగముల నోటుపుస్తకము! కలకత్తాకు టేపు పంపి చక్రములు ముద్రింపించుకొను స్తోమత ఈ ప్రాంతపు బడులకు సామాన్యముగా ఉండెడిది కాదు. న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’ అను పేర్లతో ఆకాశవాణిద్వారా బాలల గొంతులను ఇంటింటికి వినిపించిరి. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము వెలసిన తరువాత ఈ డెల్టావారికి ఆ వాణి చేరువయైనది. కాని వినిపించుట వేరు, నిలుపుట వేరు. గాలిలో వచ్చినది గాలిలోనే పోవును. ఎన్ని వార్షికోత్సవములలో ఎందరు బాలికలు ప్రార్థనాగీతములు పాడిరి! ఎందరు బాలురు కాటిసీనులోని జాషువా పద్యములను అప్పజెప్పి బహుమతులు పొందిరి! బహుమతి పుస్తకము అటకపై దొరకవచ్చును. పాడిన గొంతు దొరకదు.

రికార్డులు ఈ సీమలో మిగిలియుండుటకు ముఖ్యకారణము సంపన్నుల విలాసము కాదు, మైకుసెట్టు దుకాణములు. పెండ్లికిని, తిరునాళ్లకును, శ్రీరామనవమి పందిళ్లకును బాడుగకు పోయిన మైకుసెట్టుతోపాటు ఒక రేకుపెట్టె నిండ రికార్డులు పోయెడివి. తాటిచెట్టునకు కట్టిన గొట్టము తెల్లవారుజామున భక్తిగీతముతో మేలుకొని, పొలముల మీదుగా నాలుగూళ్లకు వినబడెడిది. ఆ పనివాడు చదువు లేనివాడైనను, కాగితపు చీటీ రంగు చూచి ఏ పాటయో చెప్పగలడు. సూదిని తరచుగా మార్చవలెనని, లేనిచో గాడి చెడునని అతనికి ఎవ్వరును బోధింపలేదు, అనుభవమే బోధించినది. సుమారు 1970 నాటికి ఈ దేశమున 78 వేగపు రికార్డుల తయారు ముగిసినది. పిమ్మట క్యాసెట్టు వచ్చినది. రేకుపెట్టెలు అటకలెక్కినవి. అటక దిగినవి కొన్ని పగిలినవి, కొన్ని తూకమునకు పోయినవి. లక్కచక్రము జారి నేలబడిన గాజువలె ముక్కలగును. అతుకుటకు వీలు లేదు.

ఇట్టి స్థితిలో సేకరణమునకు పూనుకొన్నవారు ధన్యులు. 1938లో జన్మించిన వి.ఎ.కె. రంగారావు మద్రాసున వేలకొలది రికార్డులను సమకూర్చి, వానిని గూర్చి వ్యాసములు వ్రాసి, తెలుగు పాటకు ఒక చరిత్ర గలదని చూపెను. 1990లో బొంబాయిలో భారతీయ రికార్డు సేకర్తల సంఘము వెలసి, తన పత్రికలో పాత జాబితాలను, కళాకారుల వృత్తాంతములను ప్రకటించినది. బెంగుళూరున విక్రమ్ సంపత్ నెలకొల్పిన సంగీత భాండాగారము పాత రికార్డులను నేటి యంత్రములలోనికి ఎక్కించి, కోరినవారికి వినిపించు మార్గము చూపినది. అయినను పట్టణములలోని కొందరే ఈ బరువంతయు మోయలేరు. తెనాలి వీథిలోని అటకపై ఏమి గలదో తెలియునది తెనాలివారికే.

సేకర్తకును, కూడబెట్టువానికిని భేదము గలదు. అరుదైనదని విని కొని, పెట్టెలో పెట్టి తాళము వేయువాడు కూడబెట్టువాడు. అరుదుదనము దానంతటదియే విలువ కాదు. ఎవ్వరును వినని రికార్డు లక్కబిళ్ల మాత్రమే. చక్రము ఎవరిది, ఎప్పటిది, ఏ యింటినుండి వచ్చినది, ఆ యింటివారు దానిని ఏ సందర్భమున వినెడివారు అని విచారించి వ్రాసి, ఇతరులకు వినిపించువాడే సేకర్త. ఆ పని గ్రంథాలయమునకు క్రొత్త కాదు. పుస్తకమునకు చేయు సేవయే ఇది.

ఈ సేవకు కావలసిన మెలకువలు కొలదియే. రికార్డులను ఒకదానిపై నొకటి పేర్చరాదు. పుస్తకములవలె నిలువుగా నిలుపవలెను. ఎండకును, పొయ్యి వేడికిని దూరముగా నుంచవలెను. వేడిమికి అవి వంగిపోవును. దుమ్మును మెత్తని పొడిగుడ్డతో గాడి వెంబడి తుడువవలెను. స్పిరిటు ఎన్నడును తాకింపరాదు. లక్క స్పిరిటులో కరగును. పాత ఉక్కు సూదితో మాటిమాటికి వాయించిన గాడి అరిగిపోవును గనుక, 78 గాడి వెడల్పునకు తగిన నేటి సూదితో ఒక్కమారు శ్రద్ధగా వాయించి, ఆ ధ్వనిని కంప్యూటరులోనికి ఎక్కించి, అటుపై ప్రతిని మాత్రమే వినిపించుట మేలు. తొలికాలపు రికార్డులన్నియు సరిగా 78 చుట్లవి కావు. వేగము మారిన శ్రుతి మారును. కావున హార్మోనియము ఎరిగినవారిని ప్రక్కన నుంచుకొనుట మంచిది. చీటీపైని పేర్లతోపాటు జాబితా సంఖ్యను, చీటీ చెంతనున్న నున్నని భాగమున చెక్కబడిన ముద్రికా సంఖ్యను సైతము వ్రాసికొనవలెను. చీటీ చిరిగినను ఆ సంఖ్య రికార్డు జన్మపత్రికవలె నిలుచును.

హక్కుల సంగతియు మరువరాదు. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి ధ్వనిముద్రణమునకు, ప్రచురణ జరిగిన మరుసటి సంవత్సరారంభము మొదలు 60 యేండ్లు హక్కు గలదు. కవికి గల హక్కు వేరు. అది ఆయన మరణానంతరము 60 యేండ్ల వరకు సాగును. వీనిని గమనించి నడచుకొనిన గ్రంథాలయమునకు చిక్కులుండవు.

ఈ సీమలోని గ్రంథాలయోద్యమము చేతకానిదనిపించినదానిని చేసి చూపినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినపుడు, పల్లెలకు పుస్తకమేల యని నవ్వినవా రుండకపోరు. 1918లో బాపట్ల చెంతనున్న వేటపాలెమున సారస్వత నికేతనము పుట్టి, చిరిగిన పాతపత్రికలను సైతము పదిలపరచుటచే నేడు పరిశోధకులకు తీర్థమైనది. 1935లో పాతూరి నాగభూషణము తెనాలి ప్రాంతపు కాలువపై పడవలోనే గ్రంథాలయమును నడిపి, గట్టు వెంబడి గ్రామములకు పుస్తకములు అందించెను. పడవలో పుస్తకములు తిరిగిన సీమలో, బీరువాలో నాలుగు రికార్డులు నిలుచుట కష్టమా?

కావున ఈ రజతోత్సవము జ్ఞాపకార్థము మూడు పనులు ఆరంభింపవచ్చును. మొదటిది: ఒక బీరువాయు, ఒక దాఖలా పుస్తకమును రికార్డులకని ప్రత్యేకించి, ఊరివారి అటకలపై నున్నవానిని దానముగానో, ప్రతి తీసికొని తిరిగి యిచ్చు పద్ధతినో స్వీకరించుట. రెండవది: నెలకొక సాయంకాలము వానిని వినిపించి, విన్న వృద్ధులకు తోచిన జ్ఞాపకములను వ్రాసికొనుట. ఒక పద్యము వినగానే, ‘ఈ వరుస ఫలానావారిది, మా ఊరిలో దీనిని ఇట్లు పాడెడివారు కారు’ అని చెప్పగల పెద్దలు నేడింకను గలరు. ఆ మాట ఏ జాబితాలోను దొరకదు, వారితోనే పోవును. రికార్డుకంటె ఆ పెద్దల జ్ఞాపకము ఎక్కువ పెళుసు.

మూడవది యన్నిటికంటె ముఖ్యము. పరదేశపు బడులు చేసికొనిన పనిని ఈ గ్రామపు బడి నేడు సులభముగా చేసికొనవచ్చును. చక్రము ముద్రింపించుటకు కలకత్తా పోనక్కరలేదు. ప్రతి యింటను సెల్‌ఫోను గలదు. అయితే సెల్‌ఫోను పట్టినది నిలిచినదని భ్రమపడరాదు. ఫోను మారినపుడు అదియు పోవును. పాడినదెవరో వ్రాసియుండనిచో ఉన్నదియు లేనట్లే. ప్రతి సంవత్సరము వార్షికోత్సవమున పిల్లలు పాడిన పాటలను, ఊరి నటులు చదివిన పద్యములను, కోతలనాడు కూలివారు పాడుకొను పదములను శుభ్రముగా ధ్వనిముద్రణము చేసి, పేర్లను, తేదీని, స్థలమును వ్రాసి, రెండు ప్రతులు గ్రంథాలయమున నుంచిన చాలును. స్వర్ణోత్సవము నాటికి ఆ పిల్లలు తలిదండ్రులై వచ్చి, తమ బాల్యపు గొంతును తమ బిడ్డలకు వినిపింపగలరు. అపుడు కొందరి గొంతులు వినుటకు మాత్రమే మిగిలియుండును. అంతకంటె గొప్ప నిధి ఏ గ్రంథాలయమునందును ఉండబోదు.

భట్టిప్రోలు కరండమును చెక్కినవారికి అక్షరము తప్ప సాధనము లేదు. ఉన్నదానిని శ్రద్ధతో చెక్కి రెండు వేల యేండ్లకు పంపిరి. నేటివారికి సాధనములు అన్నియు గలవు. శ్రద్ధయొక్కటియే తక్కువ పడకుండుగాక! ఇరువదియైదేండ్లు ఆరని ఈ దీపము ఇటుపై చదువువారికే కాక వినువారికిని వెలుగు చూపుగాక!